రేవు లేని ఊరు

2024 జూన్ 5న వ్యోమగాములు సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ స్టార్‌లైనర్ నౌకలో అంతరిక్ష కేంద్రానికి బయల్దేరినప్పుడు వాళ్ల బట్టల పెట్టెలు భూమ్మీదే ఉండిపోయాయి. నాసా వాళ్లే వాటిని నౌకలోంచి దించేశారు. అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్ని మంచినీళ్లుగా మార్చే యంత్రంలో పంపు చెడిపోయింది. కొత్త పంపు వెంటనే వెళ్లాలి, నౌకలో చోటు కొంచెమే. వారం రోజుల పైచిలుకు ప్రయాణమే కదా, పైన దాచి ఉంచిన అదనపు బట్టలతో ఎలాగో గడిచిపోతుందనుకున్నారు. ఆ వారం ఎంత సాగిందో లోకమంతా చూసింది. వాళ్లిద్దరూ 286 రోజులు అక్కడే ఉన్నారు. వాళ్ల బట్టలు ఆగస్టులో వెళ్లే సరుకుల నౌకలోకి ఎక్కించాల్సి వచ్చింది.

బట్టలా నీళ్లా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు నాసా నీళ్లనే ఎంచుకుంది. అంతరిక్షంలో మనిషి ఒంటిని, ఒంటి మీద బట్టను శుభ్రంగా ఉంచడమెలా అన్న ప్రశ్న మొత్తం ఈ ఒక్క నిర్ణయంలో ఇమిడి ఉంది. అది నీళ్ల ప్రశ్న. వేసవిలో చెలమ దగ్గర బిందె నిండేదాకా కాచుకు కూర్చునే ఒడిశాలోని కోరాపుట్ కొండ గ్రామాల ఆడవాళ్లకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తాగడానికి మిగిలాకే ఉతకడం.

రాయగడలో నాగావళి ఒడ్డున, కొండల్లో గెడ్డల పక్కన బట్ట బండకు తగిలే చప్పుడు వింటూ పెరిగినవాళ్లం మనం. ఉతుకంటే మనకు నీళ్లు, బండ, ఎండ. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో ఈ మూడూ లేవు. 2000 నవంబరు 2 నుంచి ఒక్కరోజు కూడా ఖాళీ పడకుండా మనుషులు కాపురముంటున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇప్పటికీ బట్టలుతికే యంత్రం లేదు.

మరి ఏం చేస్తారు? వేసుకున్నదే వేసుకుంటారు. లోదుస్తులు, మేజోళ్లు రెండు రోజులకోసారి, వ్యాయామానికి తొడిగేవి మూడు రోజులకు, చొక్కా ప్యాంటు పది రోజులకు మార్చాలన్నది నాసా చాలాకాలం చెప్పిన లెక్క. ఆచరణలో అంతకన్నా ఎక్కువ రోజులే లాగిస్తారు. ఇక భరించలేమనుకున్నాక ఆ బట్టలను చెత్తతో పాటు ఖాళీ అయిన సరుకుల నౌకలోకి కుక్కి వదిలేస్తారు. అది వాతావరణంలోకి దిగుతూ కాలి బూడిదైపోతుంది. డాన్ పెటిట్ అనే వ్యోమగామి తన పాత లోదుస్తును మట్టికి బదులుగా వాడి, అందులో విత్తనాలు మొలకెత్తించాడు. పారేసే గుడ్డకు కూడా అక్కడ అంత విలువ.

ఒక్కో మనిషికి ఏడాదికి సుమారు 70 కిలోల బట్టలు పైకి పంపాలి. భూమి పక్కనే తిరిగే కేంద్రానికి నెల రెండు నెలలకోసారి సరుకులు వెళ్తాయి కాబట్టి ఇది నడుస్తోంది. అంగారకుడి దాకా వెళ్లి రావాలంటే దాదాపు మూడేళ్లు పడుతుంది. నలుగురు వెళ్తే బట్టలే 840 కిలోలు. దారిలో సరుకుల నౌక ఏదీ వచ్చి కలవదు. పారేయడానికి వాతావరణమూ ఉండదు, మాసిన గుడ్డ మూడేళ్లూ మనిషి పక్కనే ఉంటుంది. అందుకే ఇన్నాళ్లూ చిన్న విషయంగా చూసిన ఉతుకు ఇప్పుడు పరిశోధనశాలల్లోకి వచ్చింది. నా మటుకు నాకు ఇది చాలా ముందే రావలసిందనిపిస్తుంది. రాకెట్ ఇంజిన్ మీద పెట్టిన బుద్ధిలో వందో వంతు ఇంటి పని మీద పెట్టకపోవడం అన్ని దేశాల సైన్సుకూ ఉన్న పాత జబ్బు.

నీళ్లు కిందికి కారకపోతే

2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ బడిపిల్లలు అడిగిన ఒక ప్రశ్నకు జవాబుగా అంతరిక్ష కేంద్రంలో తడిగుడ్డ పిండి చూపించాడు. ఆ వీడియో చూడనివాళ్లు తప్పక చూడాలి. గుడ్డను మెలితిప్పితే నీళ్లు బొట్లుగా రాలలేదు. గుడ్డ చుట్టూ గాజు గొట్టంలా పేరుకుని, అలాగే అతని చేతుల మీదికి పాకాయి. చేతులు వదిలేశాక కూడా మెలిపడ్డ గుడ్డ, దాని చుట్టూ నీళ్లు అలాగే గాల్లో నిలబడ్డాయి.

మన ఉతుకంతా నీళ్లు కిందికి పోతాయన్న నమ్మకం మీద నడుస్తుంది. మురికి నీటితో దిగిపోతుంది, నురగ జారిపోతుంది, పిండితే నీళ్లు కారిపోతాయి, దండెం మీద వేస్తే మిగతాది చుక్కచుక్కగా పోతుంది. బరువు తెలియని చోట ఇందులో ఏదీ జరగదు. సబ్బు నురగ అయితే మరీ మొండి. బుడగల మధ్య నీరు కిందికి దిగిపోవడం వల్లే మన బకెట్‌లో నురగ చప్పబడుతుంది. అక్కడ అది అలాగే నిలిచి, గొట్టాల్లో చేరి, పంపులను మొరాయింపజేస్తుంది. కాబట్టి మన కుంకుడు రసం ఎంత మంచిదైనా దాన్ని ఉన్నదున్నట్టుగా పైకి పంపలేం. నురగ దాని గుణం.

స్నానానిదీ అదే తంతు. 1973లో అమెరికా పంపిన స్కైలాబ్‌లో ముడుచుకునే గుడ్డ గొట్టం లాంటి స్నానాల గది ఉండేది. ఆ గదిలో మూడు లీటర్ల లోపు నీళ్లతోనే స్నానం చేసేవారు. కానీ ఒంటికి అంటుకున్న నీళ్లను, గోడలకు అంటుకున్న నీళ్లను వాక్యూమ్ గొట్టంతో పీల్చి శుభ్రం చేసేసరికి చాలా సమయం పట్టేది. తరవాత కట్టిన అంతర్జాతీయ కేంద్రంలో ఆ బాధే పెట్టుకోలేదు. తడి తువ్వాలుతో తుడుచుకోవడం, కడగనవసరం లేని షాంపూ తలకు రాసుకుని తుడిచేయడం, అంతే. తువ్వాలులోని తడి గాలిలోకి ఆరిపోతుంది. ఆ తేమను యంత్రం పట్టి మళ్లీ నీళ్లుగా మారుస్తుంది.

చెమట, చర్మం, పొట్టు

అక్కడ రోజూ రెండు గంటలకు పైగా వ్యాయామం చేయాలి. ట్రెడ్‌మిల్ మీద నడుముకు బెల్టులు కట్టుకుని పరుగు, సైకిలు, వాక్యూమ్ సిలిండర్ల బిగువుతో బరువులెత్తినట్టు కసరత్తు. చెమట విపరీతంగా పడుతుంది, కానీ జారిపోదు. పొరలా పేరుకుని ఒంటి మీదే ఉంటుంది, లేదా బట్టలోకి ఇంకుతుంది. ఆ బట్టనే ఆరబెట్టి రేపు, ఎల్లుండి తొడగాలి.

చర్మం మీద దద్దుర్లు, దురదలు అంతరిక్ష కేంద్రంలో తరచూ కనిపించే ఆరోగ్య సమస్యల్లో ఒకటి. రోగనిరోధక శక్తి అక్కడ కొంత తికమకపడుతుంది. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్‌లు మళ్లీ మేల్కొన్నట్టు వ్యోమగాముల లాలాజలంలో తేలింది. ఇలాంటి ఒంటికి మాసిన గుడ్డ మంచిది కాదు. నడవకపోవడం వల్ల అరికాళ్ల గట్టి చర్మం మెత్తబడి ఊడిపోతుంది. మేజోడు విప్పితే ఆ పొట్టు గాల్లో తేలుతుంది. కాళ్లను కమ్మీల కింద దూర్చి నిలదొక్కుకోవడం వల్ల పాదాల పైభాగం మాత్రం గరుకుగా తయారవుతుంది. బట్టల నుంచి రాలే నూలు పొట్టు కూడా నేల మీద పడదు, గాలి పీల్చే జల్లెడల దగ్గర చేరుతుంది. వారానికోసారి దాన్ని వాక్యూమ్‌తో తీయాలి. ఎంత మంచి నూలుబట్టయినా ఎక్కువ పొట్టు రాలిస్తే అక్కడ పనికిరాదు. అలాగని పాలియెస్టర్ తొడుక్కుంటే నిప్పు అంటుకున్నప్పుడు కరిగి ఒంటికి అతుక్కుంటుందన్న భయం.

2009లో జపాన్ వ్యోమగామి కోయిచి వాకాటా వాసన పట్టని, సూక్ష్మజీవులు పెరగని ప్రత్యేక లోదుస్తులను పరీక్షగా నెల రోజుల పాటు మార్చకుండా తొడిగాడు. తోటివాళ్లెవరికీ తేడా తెలియలేదని దిగివచ్చాక చెప్పాడు. ఆ బట్ట తయారీలో టోక్యోలోని ఒక మహిళా విశ్వవిద్యాలయం పాలుపంచుకుంది. ఒక విశ్వవిద్యాలయం, ఒక బట్ట, ఒక వ్యోమగామి: ఈ వరస గుర్తుంచుకోండి, కాస్త ఆగి మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రాజాచారి ఉన్నప్పుడు వెళ్లిన సబ్బు

అంతరిక్షంలో ఉతుకు గురించిన తొలి గట్టి ప్రయత్నం జరిగినప్పుడు అక్కడ ఒక తెలుగు మూలాల మనిషి ఉన్నాడు. రాజాచారి తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇంజినీరు. కొడుకు అమెరికా వైమానిక దళంలో టెస్ట్ పైలట్ అయ్యి, నాసాకు ఎంపికై, 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ క్రూ-3 కమాండర్‌గా అంతరిక్ష కేంద్రం చేరాడు. 2022 మే దాకా 177 రోజులు గడిపాడు. అతను అక్కడ ఉండగానే, 2021 డిసెంబరు 21న బయల్దేరిన డ్రాగన్ సరుకుల నౌకలో టైడ్ సబ్బు నమూనాలు పైకి వెళ్లాయి.

అంతకు ఆర్నెల్ల ముందు, 2021 జూన్‌లో, నాసా, టైడ్ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కలిసి పనిచేస్తున్నట్టు ప్రకటించాయి. బరువు తెలియని చోట, రేడియేషన్ తగులుతూ నెలల తరబడి ఉంటే సబ్బులోని పదార్థాలు చెడిపోతాయా అన్నది మొదటి పరీక్ష. మరకలు తీసే తడి తుడుపుగుడ్డలు, కలం లాంటి పరికరం అక్కడ పనిచేస్తాయా అన్నది రెండోది. ఆ తరవాతి మెట్టు చంద్రుడి మీద, అంగారకుడి మీద వాడగల, ఉతికి ఆరబెట్టే ఒకే యంత్రం. చంద్రుడి మీద భూమి ఆకర్షణలో ఆరో వంతు, అంగారకుడి మీద మూడో వంతుకు కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి నీళ్లు నెమ్మదిగానైనా కిందికే కారతాయి.

ఇందులో కష్టమంతా ఉతికాక మొదలవుతుంది. ఉతికిన నీళ్లే తాగే నీళ్లు కావాలి. అంతరిక్ష కేంద్రంలో ఊపిరిలోని తేమ, చెమట, మూత్రం అన్నీ ఒకే చక్రంలోకి వెళ్లి శుద్ధి అయి తిరిగొస్తాయి. 2023 నాటికి అక్కడ 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగారు. ఇంత బిగువైన చక్రంలోకి ఏ రసాయనం చేరినా అది తిరిగి గ్లాసులోకి వచ్చే ప్రమాదం ఉంది. 2010లో శుద్ధి చేసిన నీళ్లలో కార్బన్ పదార్థం ఎందుకో పెరుగుతూ పోయింది. చివరికి అది సిలికాన్ కలిసిన ఒక సమ్మేళనమని తేలింది. ఒంటికి రాసుకునే క్రీములు, తుడుపుగుడ్డలు, జిగుర్ల నుంచి గాలిలోకి చేరిన సిలోక్సేన్లే దానికి మూలం. చర్మానికి పూసుకున్నది గాలిలోకి, గాలిలోంచి నీళ్లలోకి వచ్చిందన్న మాట. అందుకే అంతరిక్షానికి తయారయ్యే సబ్బుకు ఘాటైన పరిమళం ఉండకూడదు, నురగ ఉండకూడదు, పూర్తిగా విడిపోయి కరిగిపోవాలి.

ఈ పని ఫలిస్తే మొదట బాగుపడేది మనలాంటి ప్రాంతాలే. దోసెడు నీళ్లతో ఉతికి, ఆ నీళ్లను మళ్లీ వాడుకోగలిగే పద్ధతి అంగారకుడికి ఎంత అవసరమో, నియమగిరి అంచుల్లో వేసవికి ఎండిపోయే ఊటలకు అంతే అవసరం. సబ్బు నురగతో తెల్లబారే నాగావళి రేవులకైతే ఇంకా ఎక్కువ అవసరం.

చోడి అంబలి చాలదు, కానీ కావాలి

ఆరోగ్యం మాటకు వస్తే, అక్కడ బాగా దెబ్బతినేవాటిలో ఎముక ఒకటి. కసరత్తు, మందు లేకపోతే తుంటి, నడుము వంటి బరువు మోసే ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతాయి. కరిగిన కాల్షియం మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్లు కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒంట్లోని ద్రవాలు తలవైపు ఎగబాకి ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి, కొందరికి కంటి నరం వాచి చూపు మందగిస్తుంది. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి మాత్రలు తప్పవు.

కాల్షియం అనగానే మన కొండల్లో ఎవరికైనా చోళ్లు, అంటే రాగులు, గుర్తొస్తాయి. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యం, గోధుమలు దరిదాపుల్లోకి కూడా రావు. చోడి అంబలి తాగి కొండలెక్కిన జనం మనది. అయినా ఒక మాట సూటిగా చెప్పాలి. ఎంత కాల్షియం తిన్నా అంతరిక్షంలో ఎముక కరగడం ఆగదు, ఎందుకంటే అక్కడ లోటు తిండిది కాదు, మోతది. బరువు మోయని ఎముకను ఒళ్లు నిలబెట్టుకోదు. అక్కడ ముందు కసరత్తు, దాని వెనక అలెండ్రోనేట్ లాంటి మందు, వాటికి తోడుగా తిండి. చోళ్ల పాత్ర ఆ మూడోదానిలో ఉంది, అది తక్కువేమీ కాదు. నెలల తరబడి పొట్లాల తిండి తినే మనిషికి పీచు, ఇనుము, కాల్షియం ఒకే గింజలో దొరకడం పెద్ద వెసులుబాటు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల 1984లో అంతరిక్షంలోకి వెళ్లిన రాకేశ్ శర్మకు మన తిండి కట్టి పంపింది. మనవాళ్లను అంతరిక్షంలోకి పంపే ఇస్రో పథకం గగన్‌యాన్ వంటకాల పని కూడా దానిదే. అక్కడి పళ్లెంలో కోరాపుట్ చోళ్లకు చోటు అడగడం న్యాయమైన కోరిక.

దీనికి దారి కూడా ఉంది. 2025 జూన్‌లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల వరి, బొబ్బర్లు, నువ్వులు, వంగ, టమాటా రకాల విత్తనాలు అతనితో ప్రయాణం చేశాయి. ధార్వాడ్ నుంచి పెసలు, మెంతులు వెళ్లాయి. అంతకు ముందే, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ చివరి దశలో, ఇస్రో వాళ్ల పెట్టెలో బొబ్బర గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. కుంద్ర బటి, లక్ష్మీపూర్ కలియా అనే మన కోరాపుట్ చోడి రకాలను ఒడిశా ప్రభుత్వం అధికారిక విత్తనాలుగా గుర్తించింది. ఇక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లోనే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. ఇంత ఉండి, మన గింజ ఇంకా రాకెట్ ఎక్కకపోవడానికి కారణం ఒకటే కనిపిస్తుంది. మనం అడగలేదు.

మన కొండల వంతు

ఆకాశానికి ఈ కొండలు పరాయివి కావు. సునాబెడలోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం 1960ల్లో మిగ్-21 ఇంజిన్ల కోసం పుట్టింది. సుఖోయ్-30, మిగ్-29 ఇంజిన్లు కూడా అక్కడివే. రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో నడిపింది మిగ్-21. శుభాంశు శుక్లా మిగ్-21, మిగ్-29, సుఖోయ్-30 మూడూ నడిపాడు. వ్యోమగాములు కాకముందు వాళ్లకు ఆకాశం నేర్పిన విమానాల గుండెకాయలు మన పక్క ఊరి పని. ఆ కర్మాగారంలో, ఆ కాలనీల్లో ఎన్ని తెలుగు కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయో మనకు తెలుసు.

చదువుకు డబ్బివ్వడమూ ఇక్కడివాళ్లకు కొత్త కాదు. జయపూర్ మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిస్తే వాల్తేరులో సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలబడింది. దానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. సునాబెడలో 2009లో మొదలైన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, కోరాపుట్‌లో వైద్య కళాశాల ఉంది, గుణుపూర్‌లో ఇంజినీరింగ్ చదువుంది, జయపూర్‌లో స్వామినాథన్ పరిశోధన సంస్థ కేంద్రం ఉంది.

ప్రశ్నలు కూడా మన ముంగిట్లోనే ఉన్నాయి. కుంకుడులోని సపోనిన్ నురగ తగ్గించి, మురికి తీసే గుణం మాత్రం నిలపగలమా? బూడిదనీళ్లలో బట్ట ఉడకబెట్టిన మన పాత పద్ధతిలోని క్షారాన్ని మూసిన నీటి చక్రం తట్టుకుంటుందా? 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన కోట్‌పాడ్ నేతబట్టకు ఆల్ చెట్టు వేరుతో వేసే ఎర్ర రంగు చెమటలో పెరిగే సూక్ష్మజీవుల మీద ఏమైనా పనిచేస్తుందా? ఆ నూలు ఎంత పొట్టు రాలుస్తుంది, ఎంత త్వరగా అంటుకుంటుంది? వీటికి అవుననో కాదనో ముందే చెప్పే హక్కు ఎవరికీ లేదు. మాసిన చొక్కాలు, సూక్ష్మజీవుల పెంపకానికి గాజు పళ్లేలు, తూకం యంత్రం ఉంటే కళాశాల ప్రయోగశాలలోనే మొదలుపెట్టవచ్చు. కోట్‌పాడ్ నేతగాళ్లను, గెడ్డ ఒడ్డున ఉతికే పెద్దలను ఈ పనిలో భాగస్వాములుగా కూర్చోబెట్టుకోవాలి. జపాన్ వాళ్లు ఒక మహిళా విశ్వవిద్యాలయంతో సాధించింది ఇదే దారిలో.

గగన్‌యాన్‌లో మనుషులు వెళ్లే మొదటి ప్రయాణం మూడు రోజుల పని, దానికి ఉతుకు అవసరం లేదు. కానీ 2035 నాటికి భారత అంతరిక్ష కేంద్రం నిలబెట్టాలని, 2040 నాటికి మనవాణ్ని చంద్రుడి మీద దింపాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. అక్కడ మనవాళ్లు వారాలు, నెలలు ఉంటారు. ఏం తొడుగుతారు, దేనితో శుభ్రం చేసుకుంటారు అన్నది ఇప్పటినుంచే తేల్చుకోవలసిన విషయం. విశ్వవిద్యాలయాల పరిశోధనకు డబ్బిచ్చే రెస్పాండ్ అనే పథకం ఇస్రోకు ఉంది. పీఎస్‌ఎల్‌వీ చివరి దశలో కళాశాలల ప్రయోగాలను మోసుకెళ్లే పోయెమ్ వేదిక ఉంది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సైన్సు చదువుతున్న పిల్లలారా, మీ అధ్యాపకుల దగ్గరికి వెళ్లి ఈ ఏడాది ప్రాజెక్టుగా ఒక మాసిన చొక్కాను ఎంచుకోండి. ఫలితం ఏదొచ్చినా రాసిపెట్టండి, రెస్పాండ్‌కు దరఖాస్తు పంపండి.